రెండున్నర గంటల నీళ్లు, అరవై మూడు రోజుల నీళ్లు

మా అక్కనిచ్చింది బాసరలో. మా ధర్మాబాద్ నుంచి రైలెక్కితే పావుగంట. మధ్యలో మహారాష్ట్ర పోయి తెలంగాణ వస్తుంది, మాట మారదు. మా వైపు గోదావరి మీద బాబ్లీ బంధారా ఉంది, అంటే గేట్లున్న అడ్డుకట్ట. ఏటా అక్టోబర్ 29 సాయంత్రానికి బావ ఫోను వస్తుంది. "గేట్లు దించిండ్రట గదా, ఇగ మాకేమొస్తయ్?" అంటాడు. "దించిండ్రు బావా, దించేటాళ్లకు నదిల నీళ్లేడున్నయ్?" అంటాను నేను. పదేళ్లుగా ఇవే మాటలు. ఆయన చెప్పేదీ నిజమే, నేను చెప్పేదీ నిజమే. ఇద్దరి నిజాలూ ఒకే నదివైనప్పుడు కొరత ఎవరిది, ఎంత, దాన్ని ఎట్లా కొలవాలి అన్నది తేల్చుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు కొలమానం సంగతి. మా ఇంటికి రెండు పత్రికలు వస్తాయి. తెలుగు పత్రికలో నీళ్లు టీఎంసీల్లో ఉంటాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మరాఠీ పత్రికలో దలఘమీల్లో ఉంటాయి, అంటే దశలక్ష ఘనమీటర్లు. ఒక టీఎంసీకి 28.3 దలఘమీలు. బాబ్లీ బంధారాలో నిలిచే నీళ్లు తెలుగులో 2.74, మరాఠీలో 77 పైచిలుకు. ఒకరికి గుక్కెడుగా, ఇంకొకరికి కుండెడుగా కనిపించేవి ఒకే నీళ్లు. టీ కొట్టు దగ్గర జరిగే సగం తగాదాలు ఇక్కడే పుడతాయి.

ఇక ఒప్పందాల సంగతి. 1975 అక్టోబర్ 6న మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ చేసుకున్న ఒప్పందాన్ని, గోదావరి నీళ్ల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ 1980 నాటి తీర్పులో చేర్చింది. పైఠణ్ వరకు గోదావరి నీళ్లన్నీ మహారాష్ట్రవి. పైఠణ్ కింద, పూర్ణా మీది సిద్ధేశ్వర్ కింద, మంజీర మీది నిజాంసాగర్ కింద, పోచంపాడు (అదే శ్రీరాంసాగర్) దాకా ఉన్న భాగంలో కొత్త పనులకు మహారాష్ట్ర 60 టీఎంసీలు వాడుకోవచ్చు. ఆ అరవైలోంచే మా బాబ్లీ వచ్చింది. అది శ్రీరాంసాగర్ నీళ్లు వెనక్కి తన్నే మేరలోనే ఉందని, దాంతో కింది జలాశయం నీళ్లనే తోడుకుంటారని 2006లో ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2010 జూలైలో చంద్రబాబు నాయుడు బాబ్లీ చూడటానికి బయలుదేరితే, మా ఊళ్లోనే ఆయన్ను నిర్బంధించారు. ఆ వారం రోజులు బజారు అంతా పోలీసులే.

2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, వరదకు అడ్డు పడకూడదు. అక్టోబర్ 29 నుంచి దించవచ్చు. 2.74 టీఎంసీలకు మించి నిలపకూడదు. మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. ఈ 0.6 ఎక్కడిదంటే, బాబ్లీ నీళ్లూ శ్రీరాంసాగర్ వెనుక నీళ్లూ ఒకదాని మీద ఒకటి పడే భాగం అంత. అమలు చూడటానికి కేంద్ర జలసంఘం, రెండు రాష్ట్రాల ప్రతినిధులతో కమిటీ వేశారు. గేట్లు ఎత్తేటప్పుడు, దించేటప్పుడు అధికారులు వచ్చి నిలబడతారు.

కాగితం మీద ఇది చక్కని పంపకం. కానీ ఒక్క లెక్క వేసి చూడండి. వరదల్లో గోదావరి 3 లక్షల క్యూసెక్కులతో, అంటే సెకనుకు 3 లక్షల ఘనపుటడుగుల చొప్పున పారుతోందనుకుందాం. బాబ్లీ నిండడానికి రెండున్నర గంటలు చాలు. అదే నది అక్టోబర్ ఆఖరుకు 500 క్యూసెక్కులకు పడిపోతే 63 రోజులు పడుతుంది, అదీ మధ్యలో ఎవరూ మోటరు పెట్టకపోతే, ఎండ తాగకపోతే. తీర్పు 2.74 అన్న అంకెను మాకిచ్చింది, ఆ అంకె సులువుగా నిండే రోజుల్ని ఇవ్వలేదు. వరద రోజుల్లో గేట్లు దించితే వెనుక ముంపు భయం, పూడిక భయం, పై నుంచి వచ్చేది శ్రీరాంసాగర్‌కు చేరదన్న భయం ఉంటాయి. కోర్టు ఆ భయాల్ని తీర్చింది. దానికి మా తాలూకా ఇచ్చిన మూల్యం ఆ అరవై మూడు రోజులు.

అందుకే "మా దగ్గర ఇన్ని టీఎంసీల కొరత" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది తేదీ. ఏ నెలలో? ఆ తర్వాత చోటు. నదిలోనా, కాలువ చివరా, ఊరి బావిలోనా? ఈ రెండూ చెప్పకుండా చెప్పిన కొరత అంకె ఎంత పెద్దదైనా పనికిరాదు.

ఏడాది లెక్కలో ఇంకో చిక్కు ఉంది. నదిలో ఎంత వస్తుందో తేల్చేటప్పుడు ఇంజనీర్లు సాధారణంగా 75 శాతం నమ్మకం అనే కొలత పెట్టుకుంటారు. పాత ఏళ్ల ప్రవాహాలన్నీ పెద్దది నుంచి చిన్నదాకా వరుసగా పేర్చి, వంద ఏళ్లలో 75 ఏళ్లయినా తప్పకుండా దాటే పరిమాణాన్ని పంచుకోదగిన నీరుగా తీసుకుంటారు. అంటే నాలుగేళ్లలో ఒక ఏడు తక్కువ పడుతుందని మొదటి రోజే ఒప్పుకున్నట్టు. అది తప్పు కాదు, నూటికి నూరేళ్లూ వచ్చే నీళ్లకే ప్రాజెక్టు కడితే వరదంతా సముద్రానికి పోతుంది. కానీ ఆ నాలుగో ఏడు ఎవరి ఇంట్లో పడాలన్నది ఎక్కడా రాసి ఉండదు. రాసి లేకపోతే అది ఎప్పుడూ కాలువ చివరి రైతు ఇంట్లోనే పడుతుంది. 2015-16లో అదే చూశాం. మంజీర మీద సింగూరు ఎండిపోయింది. పైన లాతూర్‌కు 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు.

నీళ్లు కావాలనేవాళ్లందరినీ ఒకే వరుసలో నిలబెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మూడు వేల మంది ఉన్న ఊరిని తీసుకోండి. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. ఏడాదికి 6 కోట్ల లీటర్లు. వినడానికి పెద్ద అంకె. ఇప్పుడు చెరకు చూద్దాం. ఏడాది పంటకు సుమారు రెండు మీటర్ల లోతు నీళ్లు కావాలి. వాన ఒక 60 సెంటీమీటర్లు తీర్చిందనుకున్నా, మిగతా 1.4 మీటర్లు బావో కాలువో పెట్టాలి. ఎకరానికి 56 లక్షల లీటర్లు పైన. అంటే ఊరంతా ఏడాది పొడుగునా తాగి, వండుకుని, స్నానాలు చేసే నీళ్లు పదిన్నర ఎకరాల చెరకుకు సరిపోతాయి. నాందేడ్ నగరాన్ని తీసుకున్నా ఇదే తీరు. 2011 జనాభా లెక్కల్లో అయిదున్నర లక్షల మంది. మనిషికి 135 లీటర్ల నగర లెక్క వేసినా ఏడాదికి ఒక టీఎంసీలోపే. అది దాదాపు 4,800 ఎకరాల చెరకు.

నది అవతల వరి ఉంది. తెలంగాణలో ఇంజనీర్లూ రైతులూ వాడే మోటు లెక్క, ఒక టీఎంసీకి ఆరు వేల ఎకరాల వరి, లేదా పది వేల ఎకరాల ఆరుతడి పంట. మా వైపు చెరకును తప్పుపట్టే బావకు నేను ఈ అంకె చెబుతుంటాను. యాసంగి వరి ఎకరానికి దాదాపు 1.2 మీటర్లు. చెరకుకూ వరికీ మధ్య అంత దూరమేమీ లేదు.

ఇక్కడ నేను చెరకు రైతు మీదో వరి రైతు మీదో నింద వేయను. చెరకుకు కేంద్రం ధర ప్రకటిస్తుంది, ఫ్యాక్టరీ వచ్చి కోసుకుపోతుంది. వరికి కొనుగోలు కేంద్రం ఊళ్లోకే వస్తుంది. శనగకు ఒకటి రెండు తడులు చాలు, కానీ అమ్మేనాటికి ధర ఏముంటుందో మార్కెట్ యార్డులో తెలియాల్సిందే. ఎవరైనా భరోసా ఉన్న పంటే వేస్తారు. నీటి కొరత లెక్కలో ధరల్ని చేర్చకుండా "రైతులు పంట మార్చుకోవాలి" అనడం సగం మాట. పైగా కరెంటు ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు. మహారాష్ట్రలో 2024 నుంచి 7.5 హెచ్‌పీ దాకా మోటర్లకు ఉచితం. రైతుకు అది పెద్ద ఊరట, దాన్ని తీసేయాలని నేనెన్నడూ అనను. అయితే మోటరు ఎన్ని గంటలు తిరిగిందో మీటరు లేకపోతే తెలియదు. బిల్లు లేనప్పుడు మీటరు చూసే అవసరం ఎవరికీ పడదు. నది ఒడ్డున మోటర్లు ఎంత తోడుతున్నాయన్నది అంచనాగానే ఉండిపోతుంది, ఆ అంచనా మీదే రెండు రాష్ట్రాలు కొట్లాడుకుంటాయి.

తీసుకున్న నీళ్లూ ఖర్చయిన నీళ్లూ ఒకటి కాదు. కొరత లెక్కల్లో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇంట్లో వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికొస్తాయని నగర ఇంజనీర్లు లెక్క కడతారు. కృష్ణా తీర్పులో బచావత్ ట్రిబ్యునల్ ఇదే దృష్టితో, ఇళ్లకు మళ్లించిన నీటిలో 20 శాతాన్నే, పరిశ్రమలకు మళ్లించిన దానిలో 2.5 శాతాన్నే వాడకంగా రాసుకోమంది. పొలానికి పెట్టిన నీళ్లలో అధికభాగం ఆకుల్లోంచి ఆవిరిగా పోతుంది, తిరిగొచ్చేది కొద్దిగా. కాబట్టి నగరం ఒక టీఎంసీ తీసుకుంటే నదికి తగ్గేది అంతకంటే చాలా తక్కువ, కాగితం మీద. నాందేడ్ మురుగు గోదావరిలో కలిసి కిందికి, అంటే మా వైపే వస్తుంది. దాన్ని శుద్ధి చేసి వదిలితేనే అది తిరిగొచ్చిన నీరు. లేకపోతే పరిమాణంలో కొరత తగ్గి తాగునీటి కొరత పెరుగుతుంది. పరిమాణం ఒక పద్దులో, నాణ్యత ఇంకో శాఖ పద్దులో ఉండటం వల్ల ఈ నష్టం ఏ లెక్కలోనూ ఎక్కదు.

మరి ఊరు తాగే నీళ్లు పదిన్నర ఎకరాల చెరకంతే అయితే మే నెలలో ట్యాంకరు ఎందుకు వస్తుంది? దీనికి జవాబు నేలలో ఉంది. నాందేడ్ జిల్లాలో పడమటంతా దక్కన్ నల్లరాయి. తూర్పున, తెలంగాణ సరిహద్దు దగ్గరికొచ్చేసరికి గ్రానైటు తేలుతుంది. రెండూ గట్టి రాళ్లే. ఇసుక నేల లాగా నీళ్లు పట్టుకోవు, పగుళ్లలో, పుచ్చిన పైపొరలో మాత్రమే దాచుకుంటాయి. వంద పాళ్ల రాయిలో మనం తోడుకోగలిగేది సుమారు రెండు పాళ్లు. అంటే ఒక ఎకరం కింద నీటిమట్టం ఒక మీటరు దిగితే దొరికేది 81 వేల లీటర్లు. ఒక ఎకరం చెరకును బావి నీళ్లతోనే గట్టెక్కించాలంటే 70 ఎకరాల కింద మట్టం ఒక్కో మీటరు దిగాలి. వాన ఎంత నింపుతుంది? ఇలాంటి నేలల్లో పడ్డ వానలో 7 నుంచి 13 శాతం లోపలికి దిగుతుందని భూగర్భజల అంచనాల్లో వాడతారు. మా దగ్గర 900 మిల్లీమీటర్ల వానకు పది శాతం అనుకుంటే ఎకరానికి మూడున్నర లక్షల లీటర్లు పైచిలుకు. ఆ ఒక్క ఎకరం చెరకుకు పదిహేను పదహారు ఎకరాల మీద పడ్డ వాన ఇంకాలి.

ఇప్పుడు ఊరి మంచినీళ్ల బావి పక్కనే ఉన్న పొలంలో బోరు వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. తాలూకా మొత్తం మీద వానా తోడకమూ సరిపోయినట్టే కనిపిస్తాయి. అధికారిక కొలతలో ఏడాదికి ఇంకిన దాంట్లో 70 శాతం దాకా తోడితే ఆ ప్రాంతం 'సురక్షితం', 90 దాటితే 'విషమం', నూరు దాటితే 'మితిమీరిన వాడకం'. మా ఇంటి వెనుక వాడలో ఆడవాళ్లు బిందెలతో క్యూ కట్టిన ఏడాది కూడా తాలూకా సురక్షితంగానే ఉండొచ్చు. సగటు నది లోతు చూసి దిగినవాడి కథే ఇది. మహారాష్ట్ర చట్టం 60 మీటర్లు దాటి బోరు వేయొద్దంటుంది, తెలంగాణలో నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం ఉంది. రెండింటినీ బోరు బండి దాటుకుంటూ పోతుంది.

మరాఠ్వాడాలో కరువు ప్రకటనకు ఏళ్ల తరబడి వాడిన కొలత పైసేవారి. మామూలు పంటను రూపాయి అనుకుంటే, వచ్చిన పంట యాభై పైసలకు తగ్గితే కరువు. అది దిగుబడి కొలత, నీటి కొలత కాదు. వానాకాలం సోయా బాగా వచ్చి, జనవరికే బావులెండిన ఏడాది ఆ కొలతకు చిక్కదు. ఈ ఒక్క సంగతి అర్థం కాక మా వాళ్లు ఎన్నిసార్లు తహసీల్ ఆఫీసు మెట్లెక్కి దిగారో.

బాబ్లీ గొడవలో ఎవరూ నోరెత్తని ఒక మాట చెప్పాలి. శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు. పూడిక మింగింది పోగా ఇప్పుడు లెక్కలో ఉన్నది సుమారు 80. అంటే ముప్పై టీఎంసీల చోటు మట్టిపాలైంది. పదకొండు బాబ్లీలంత. నిండుగా ఉన్నప్పుడు ఆ జలాశయం దాదాపు 450 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా 35 రోజుల్లో ఒక బాబ్లీ గాలిలో కలిసిపోతుంది. ఎండను ఆపలేం. పూడికను తగ్గించడానికి చేయగలిగింది మాత్రం పై రాష్ట్రంలో ఉంది. మా వైపు గట్ల మీద గడ్డి, వాగుల్లో చెక్‌డ్యాములు ఉంటే కింద శ్రీరాంసాగర్‌లో మట్టి తగ్గుతుంది. అటువంటి పనికి కింది రాష్ట్రం డబ్బు పెట్టినా దానికి లాభమే. ఇన్ని సమావేశాల్లో ఈ బేరం ఎందుకు ముందుకు రాలేదా అని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రాష్ట్రం లోపల మాత్రం మహారాష్ట్రే ఒక దారి చూపింది. నాసిక్, అహ్మద్‌నగర్ పై ఆనకట్టలు నిండి, కింద పైఠణ్‌లో జాయక్వాడీ ఎండుతుంటే మరాఠ్వాడా ఏళ్ల తరబడి మొత్తుకుంది. 2005 చట్టంతో వచ్చిన జల నియంత్రణ ప్రాధికరణ 2014లో ఒక సూత్రం పెట్టింది. అక్టోబర్ 15 నాటికి జాయక్వాడీలో వాడుకోదగ్గ నిల్వ 65 శాతం కంటే తక్కువుంటే, పై ఆనకట్టలు తమ నిల్వల్ని బట్టి కిందికి నీళ్లు వదలాలి. ఏటా గొడవలు జరుగుతూనే ఉన్నాయి, కోర్టులకూ వెళ్తున్నారు. అయినా తగాదాకు ఇప్పుడు ఒక తేదీ, ఒక శాతం, ఒక పట్టిక ఉన్నాయి. చెడ్డ ఏడాదిని ఎవరెంత మోయాలో ముందే రాసి పెట్టారు. ఇదే మరాఠ్వాడా బాబ్లీ దగ్గరికొచ్చేసరికి పై వాడవుతుంది, తెలంగాణ కింది వాడవుతుంది. పైఠణ్ దగ్గర మనం న్యాయమన్నది బాబ్లీ దగ్గరా న్యాయమే కావాలి. మా తాలూకా వాడిగా ఈ మాట అనడం నాకు తేలిక కాదు, కానీ అనాలి. దానికి ఎదురుగా తెలంగాణ కూడా, వరద ధారాళంగా ఉండి శ్రీరాంసాగర్ నిండి గేట్లెత్తిన ఏడాది, బాబ్లీ గేట్లు రెండు వారాలు ముందుగా దించుకుంటామంటే అడ్డు చెప్పకూడదు. కిందికి పొంగిపోయే నీళ్లలోంచి 2.74 నిలిపితే ఎవరికీ చుక్క తగ్గదు. తీర్పులో తేదీలు అన్ని ఏళ్లకూ ఒకటే. నది అన్ని ఏళ్లూ ఒకటి కాదు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే తేదీని నిల్వకు ముడిపెట్టుకునే మార్పు కోర్టును కోరవచ్చు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1956 దాకా ఇందూరూ (ఇప్పటి నిజామాబాద్) నాందేడూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. అప్పట్లో చెరువుల కింద తైబందీ అనేది నడిచింది. యాసంగికి ముందు చెరువు గట్టు మీద కూర్చుని, ఉన్న నీళ్లు చూసి, ఏ తూము కింద ఎన్ని ఎకరాలు, ఏ పంట అన్నది ఖరారు చేసేవాళ్లు. నీళ్లు సగమే ఉంటే అందరి భూమీ సగమే తడిసేది. నీరటి కర్ర చేతబట్టుకుని మడవలు తిప్పేవాడు, ఆయన మాట మీద ఊరు నడిచేది. పెద్ద భూస్వాముల బలం ముందు అది ఎన్నోసార్లు వంగిందని కూడా పెద్దలు చెప్పారు. కానీ పద్ధతి మాత్రం సరైనది: నిల్వ కొలిచాకే సాగు తేల్చడం. ఇప్పుడు ముందు విత్తనం వేసి తర్వాత నీళ్ల కోసం ధర్నా చేస్తున్నాం.

మా తాలూకాకు నేను లెక్క వేయమంటే ఏడాదికి నాలుగుసార్లు వేస్తాను. గేట్లు దించిన రోజు, సంక్రాంతి, మార్చి 1, మే మొదటి వారం. ప్రతిసారీ మూడు చోట్ల చూస్తాను: బంధారా వెనుక నది, కాలువ చివరి తూము, ఊరికి రెండు బావులు. ముందు మనుషులకు, పశువులకు జూన్ ఆఖరుదాకా ఎంత కావాలో తీసి పక్కన పెడతాను. గేదెకు రోజుకు 60, 70 లీటర్లు చూసుకోవాలి, ఎండాకాలం ఇంకాస్త. ఆ తర్వాత తోటలు, నిలిచి ఉన్న చెరకు. మిగిలిందే యాసంగికి. మిగిలింది ఎంతో సంక్రాంతి నాటికి పంచాయతీ గోడ మీద మరాఠీలోనూ తెలుగులోనూ, టీఎంసీల్లోనూ దలఘమీల్లోనూ రాస్తే, ఎవరికెంత కొరతో వీధిలో నడిచేవాడికి తెలుస్తుంది. మార్చి 1న వదిలే 0.6 టీఎంసీలు మూడు వేల మంది ఉన్న 280 ఊళ్ల ఏడాది తాగునీటితో సమానమని కూడా అక్కడే రాయొచ్చు. ఏ రైతైనా అంత విలువైన నీళ్లు పోతుంటే గట్టు మీద నిలబడి చూస్తాడు, అటువైపు వాళ్లయినా అంతే.

గత మార్చి 1న బావ మళ్లీ ఫోను చేశాడు. నీళ్లు వదిలారా అని అడుగుతాడనుకున్నాను. "మీ బావిల ఎన్ని గజాల కాడున్నయ్ రా?" అన్నాడు. తాడుకు రాయి కట్టి వేసి చూసి చెప్పాను, పదకొండు. "మాది తొమ్మిది" అన్నాడు. కాగితం మీద రెండూ రాసుకున్నాను. ఏప్రిల్ 1న మళ్లీ కొలుద్దాం అనుకున్నాం.